చౌరస్తాలో యాక్సిడెంట్: తప్పు ఇద్దరిదైతే పరిహారం ఎవరిస్తారు?

చౌరస్తాలో కారు, లారీ ఢీకొని పక్కనే ఉన్న ఆటో మీదికి దూసుకొచ్చాయనుకుందాం. ఆటోలో ఉన్న ప్రయాణికుడి కాలు విరిగింది. తప్పు నీదంటే నీదని డ్రైవర్ల వాదన. మరి పరిహారం ఎవరిస్తారు?

దీనిపై సుప్రీంకోర్టు 2015లో స్పష్టత ఇచ్చింది. తప్పు రెండు బండ్లదీ అయితే, తన తప్పేమీ లేని బాధితుడు మొత్తం పరిహారాన్ని ఏదో ఒక బండి యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచే రాబట్టుకోవచ్చు. ఎవరి వాటా ఎంతన్నది తర్వాత వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి.

మోటారు ప్రమాదాల క్లెయిమ్‌ల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు ఉండే ప్రాంతంలోనూ వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం గడువు 6 నెలలే. అందుకే ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆస్పత్రి బిల్లులు, అన్ని బండ్ల నంబర్లు మొదటి నుంచే జాగ్రత్త చేసుకోవాలి. డ్రైవర్ల పంచాయితీ తేలేదాకా ఆగితే నష్టపోయేది బాధితుడే.