పట్టుకు చెల్లించే మూల్యం: మోటారు టైరు పరిణామం

కారు ఇంజిను ఎంత శక్తిని పుట్టించినా, బ్రేకులు ఎంత గట్టిగా పట్టినా, ఆ బలమంతా రోడ్డుకు చేరేది టైర్లు నేలను తాకే నాలుగు చోట్ల మాత్రమే. 1,400 కిలోల కారులో ఒక్కో టైరుపై సగటున 350 కిలోల భారం పడుతుంది. లోపలి గాలి పీడనం చదరపు అంగుళానికి 32 పౌండ్లు ఉన్నప్పుడు ఆ భారాన్ని మోయడానికి నేలకు ఆనే రబ్బరు వైశాల్యం స్థూలంగా 150 చదరపు సెంటీమీటర్లు, అంటే వేళ్లతో సహా చాచిన అరచెయ్యంత. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికీ, వీలు చిక్కినప్పుడు ఘాట్ రోడ్ల మలుపుల్లో చురుగ్గా నడపడానికీ ఒకే కారును వాడేవారు టైర్లు ఎంచుకోవడమంటే, ఈ కొద్దిపాటి రబ్బరు ఏ పని బాగా చేయాలో, అందుకోసం దేన్ని వదులుకోవాలో తేల్చుకోవడమే. పట్టు, మన్నిక, ఇంధన పొదుపు అనే మూడు గుణాలూ రబ్బరు స్వభావంలోనే ఒకదానికొకటి అడ్డం వస్తాయి. టైరు చరిత్రలోని ప్రధాన ఆవిష్కరణల్లో చాలావరకు ఈ అడ్డంకిని కొద్దికొద్దిగా పక్కకు జరపడానికి చేసిన ప్రయత్నాలే.

సహజ రబ్బరు ఎండకు జిగురుగా సాగుతుంది, చలికి పెళుసుబారుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే పొడవాటి అణువుల గొలుసుల మధ్య లంకెలు ఏర్పడి, సాగదీసి వదిలినా మళ్లీ పాత ఆకారానికి వచ్చే గుణం స్థిరపడుతుందని అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. వల్కనీకరణం అనే ఈ ప్రక్రియ లేకపోతే టైరే లేదు. స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ గాలి నింపిన చక్రానికి 1845లో పేటెంటు పొంది, రెండేళ్ల తర్వాత లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపు బండ్లకు బిగించి చూపించాడు. అయితే పెడళ్ల సైకిలు గానీ మోటారు కారు గానీ అప్పటికింకా వాడుకలోకి రానందున ఆ ఆవిష్కరణ మరుగున పడింది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులను తగ్గించే ప్రయత్నంలో గాలి టైరును మళ్లీ రూపొందించి 1888లో పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ పేటెంటు ముందే ఉందని తేలడంతో అది తర్వాత చెల్లకుండా పోయినా, సైకిళ్ల గిరాకీ గాలి టైరును నిలబెట్టింది. దాన్ని మోటారు కారుకు తెచ్చినవారు ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్ నగరానికి చెందిన మిషెలిన్ సోదరులు ఆండ్రే, ఎడువార్. 1895 నాటి పారిస్-బోర్డో-పారిస్ పందెంలో వారి కారుకు దారిపొడవునా పంక్చర్లు పడ్డాయి. అయినా మోటారు కారు బరువును గాలి మోయగలదని ఆ పందెంతో రుజువైంది.

రబ్బరు రోడ్డును పట్టుకునే తీరు ఇతర ఘన పదార్థాల ఘర్షణకు భిన్నమైనది. రబ్బరు కొంతవరకు స్ప్రింగులా సాగి ముడుచుకుంటుంది, కొంతవరకు చిక్కని ద్రవంలా ఆలస్యంగా స్పందిస్తుంది. ఈ రెండు గుణాల కలయిక వల్ల, తారు రోడ్డులోని కంకర మొనల మీదుగా జారేటప్పుడు అది మొనకు ముందువైపు నొక్కుకుపోతుంది గానీ, వెనకవైపు అంతే త్వరగా విచ్చుకోదు. ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ కావడంతో జారుడును అడ్డుకునే బలం పుడుతుంది. నొక్కడానికి వెచ్చించిన శక్తిలో తిరిగి రాని భాగం వేడిగా మారుతుంది. ఈ శక్తి నష్టాన్నే హిస్టెరిసిస్ అంటారు. రబ్బరు అణువులకూ రోడ్డు ఉపరితలానికీ మధ్య ఏర్పడే అంటుకునే బలం కూడా పొడి రోడ్డు మీద పట్టుకు తోడవుతుంది, కానీ నీటి పొర అడ్డు వచ్చినప్పుడు అది బాగా తగ్గిపోయి, భారమంతా హిస్టెరిసిస్ మీదే పడుతుంది. చిక్కేమిటంటే, చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు నేలకు ఆనిన చోట చదునై మళ్లీ గుండ్రబడుతుంది గనుక, పట్టునిచ్చే ఆ శక్తి నష్టమే అక్కడ ఇంధనాన్ని వృథా చేస్తుంది. ఎక్కువ పట్టు కోసం మెత్తగా చేసిన రబ్బరు సాధారణంగా త్వరగా అరిగిపోతుంది కూడా.

ఈ ముడిలో మొదట సడలినది అరుగుదల. తొలినాటి టైర్లు తెలుపుకు దగ్గరగా ఉండేవి; 20వ శతాబ్ది తొలి దశకాల్లో రబ్బరుకు కార్బన్ బ్లాక్ అనే సన్నని మసిపొడిని కలపడం మొదలయ్యాక వాటి బలమూ మన్నికా ఎన్నో రెట్లు పెరిగాయి, రంగు నల్లబడింది.

రెండో మార్పు టైరు నిర్మాణంలో వచ్చింది. టైరు లోపల భారాన్ని మోసేది రబ్బరు కాదు, రిమ్ముకు బిగిసే ఒక అంచు నుంచి రెండో అంచు వరకు పరచిన దారాల పొరలు. పాత బయాస్ టైర్లలో ఈ పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుకుంటూ ఉండేవి. చక్రం తిరిగేటప్పుడు దారాల మధ్య కోణాలు మారుతూ పొరలు ఒరుసుకుని వేడెక్కేవి, పక్కగోడ వంగినప్పుడల్లా నేలకు ఆనిన భాగం కూడా మెలికపడేది. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొంది 1949లో మార్కెట్లోకి తెచ్చిన ఎక్స్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా అడ్డంగా సాగుతాయి. వాటి మీద, నేలను తాకే గాడుల పొర అయిన ట్రెడ్ కింద, ఉక్కు తీగల బెల్టు చుట్టుకుని ఉంటుంది. రేడియల్ అనే ఈ అమరికలో వంగే పని పక్కగోడదీ, గట్టిగా నిలిచే పని బెల్టుదీ అయింది. మలుపులో పక్కగోడ ఒరిగినా ట్రెడ్ నేలను వదలదు; ఒరిపిడి తగ్గడం వల్ల వేడీ, అరుగుదలా, ఇంధన వ్యయమూ తగ్గాయి. అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో బయాస్ టైర్లతో నడిచిన భారతదేశంలో కూడా నేడు కొత్త కార్లు దాదాపు అన్నీ రేడియల్ టైర్ల మీదే వస్తున్నాయి. అతివేగంలో బెల్టు అంచులు అపకేంద్ర బలానికి పైకి లేచిపోకుండా, దాని మీద చుట్టుకొలత వెంబడి నైలాన్ పొరను చుట్టే పద్ధతి తర్వాత వచ్చింది. 1970లలో పోర్షే 911 టర్బోకు అమర్చిన పిరెల్లి పీ7 వెడల్పాటి, పక్కగోడ పొట్టిగా ఉండే టైర్ల శకానికి నాంది పలికింది.

మూడో మార్పు 1990ల మొదట్లో రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. సుమారు రెండు మీటర్ల చుట్టుకొలత ఉన్న టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 సార్లు తిరుగుతుంది, అంటే టైరు మొత్తం చదునై విచ్చుకునే లయ అంత నెమ్మదిది. జారేటప్పుడు కంకర మొనలు రబ్బరు ఉపరితలాన్ని కదిలించే లయ మాత్రం సెకనుకు వేలు మొదలుకొని లక్షల సార్లు. నెమ్మది లయలో శక్తిని తక్కువగానూ, వేగపు లయలో ఎక్కువగానూ పోగొట్టుకునే రబ్బరు దొరికితే పొదుపూ పట్టూ కలిసి వస్తాయి. కార్బన్ బ్లాక్‌లో అధిక భాగానికి బదులుగా సిలికాను వేసి, రబ్బరుతో సులభంగా కలవని ఆ సిలికాను సిలేన్ అనే రసాయనంతో అణువులకు కట్టి ఉంచడం ద్వారా మిషెలిన్ 1992 ప్రాంతంలో ఇది సాధించింది. నేటి మేలురకం వీధి టైరు వాన రోడ్డు మీద కూడా నమ్మకంగా ఆగుతున్నదంటే అందులో సిలికా పాత్ర పెద్దది.

ఏ మిశ్రమమైనా నేలను తాకితేనే పని చేస్తుంది. రోడ్డు మీద నీరు ట్రెడ్ గాడులు పారదోలగలిగిన దానికంటే ఎక్కువైనప్పుడు టైరు నీటి మీద తేలిపోతుంది. దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. 1960లలో నాసా విమానాల టైర్లపై చేసిన పరిశోధనలో ఇది మొదలయ్యే వేగం గాలి పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుందని తేలింది. ఆ సూత్రం ప్రకారం 30 పౌండ్ల పీడనం వద్ద తేలడం గంటకు సుమారు 91 కిలోమీటర్ల వేగంలో మొదలైతే, పీడనం 25 పౌండ్లకు పడిపోయినప్పుడు 83 దగ్గరే మొదలవుతుంది. ఎండిన రోడ్డు మీద మేలు చేసే వెడల్పే నీటిలో ప్రతికూలమవుతుంది, ఎందుకంటే వెడల్పాటి ట్రెడ్ ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి.

ఎంపికకు వచ్చినప్పుడు ముందుగా చదవవలసినది పక్కగోడ మీది అంకెలు. స్పోర్టీ సెడాన్లలో తరచుగా కనిపించే 205/55 ఆర్16 91వి అనే గుర్తులో 205 వెడల్పు మిల్లీమీటర్లలో, 55 పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎంత శాతమో, ఆర్ రేడియల్ నిర్మాణాన్ని, 16 రిమ్ము వ్యాసాన్ని అంగుళాల్లో తెలుపుతాయి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోల వరకు మోయగలదని, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగానికి సరిపోతుందని అర్థం. దీని బదులు 225/45 ఆర్17 వేసుకుంటే మొత్తం వ్యాసం 632 నుంచి 634 మిల్లీమీటర్లకే మారుతుంది కాబట్టి స్పీడోమీటరుకు చెప్పుకోదగ్గ తేడా రాదు. పక్కగోడ మాత్రం 113 నుంచి 101 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. స్టీరింగు మరింత చురుగ్గా స్పందించడానికి కారణమైన ఆ తగ్గుదలే, గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగే మెత్తదనాన్ని తీసేసి, రిమ్ము వంగడానికీ, లోపలి దారాలు తెగి పక్కగోడ ఉబ్బడానికీ దారి తీస్తుంది.

తర్వాతిది మిశ్రమం. అమెరికా నిబంధనల ప్రకారం టైరు మీద ముద్రించే ట్రెడ్‌వేర్ అంకెను టెక్సాస్ రోడ్ల మీద 7,200 మైళ్లు నడిపి, ప్రమాణ టైరుతో అరుగుదలను పోల్చి నిర్ణయిస్తారు. అంకె ఎంత పెద్దదైతే మన్నిక అంత ఎక్కువ. కానీ ఆ అంకెను వేసుకునేది తయారీదారులే కాబట్టి, ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి ఉపయోగపడినంతగా వేర్వేరు కంపెనీల టైర్లను పోల్చడానికి ఉపయోగపడదు. అమెరికాలో ఆటోక్రాస్ పోటీల వీధి టైర్ల తరగతికి కనీసం 200 ఉండాలన్న నియమం వల్ల సరిగ్గా 200 అని ముద్రించుకుని, పోటీ టైర్లకు దగ్గరగా నడిచే రకాలు పుట్టుకొచ్చాయి. అవి వేడెక్కిన తర్వాతే పూర్తి పట్టునిస్తాయి, శబ్దం చేస్తాయి, గాడులు తక్కువ కావడంతో నిలిచిన నీటిలో బెదిరిస్తాయి. చలిదేశాల శీతాకాలపు టైర్లు వీటికి పూర్తి విరుద్ధం: సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన సాధారణ వేసవి టైరు గట్టిపడిపోతుంది కనుక, వాటి మిశ్రమాన్ని చలిలోనూ మెత్తగా ఉండేటట్లు తయారు చేస్తారు, అదే మిశ్రమం ఎండలో మలుపులో మెలికపడి త్వరగా అరుగుతుంది.

సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో టైర్లు తయారు చేస్తున్న తెలుగు నేల మీద మంచు సమస్య లేదు. మండే ఎండాకాలం, నీరు నిలిచే వానాకాలం, అకస్మాత్తుగా ఎదురయ్యే గుంతలు ఉన్నాయి. ఇలాంటి చోట రోజువారీ స్పోర్టీ కారుకు కంపెనీ సూచించిన కొలతలోనో, దానికి అతి దగ్గరలోనో, సిలికా మిశ్రమంతో లోతైన నిలువు గాడులున్న వేసవి రకం టైరు ఎంచుకోవడం సబబు. పోటీ రకాలను వేరే రిమ్ములకు బిగించి రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు పరిమితం చేయడం మేలు. కొనేటప్పుడు పక్కగోడ మీది నాలుగంకెల తయారీ తేదీని, ఉదాహరణకు 2324 అంటే 2024లో 23వ వారం అని, చదివి చూడాలి, ఎందుకంటే వాడకపోయినా కాలంతోపాటు రబ్బరు గట్టిపడుతుంది. రెండే కొత్తవి వేస్తే వాటిని వెనక చక్రాలకు అమర్చడం క్షేమం. ముందు పట్టు తప్పితే కారు మలుపు నుంచి బయటికి సాగుతుంది, వెనక పట్టు తప్పితే గిరగిర తిరిగిపోతుంది, మొదటిదాన్ని అదుపు చేయడం తేలిక. కొత్త ట్రెడ్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు, చట్టం అనుమతించే కనిష్ఠం 1.6, అయితే నీటిని పారదోలే శక్తి ఆ హద్దుకు ఎంతో ముందే క్షీణిస్తుంది కనుక, వానలు మొదలయ్యే లోపే గాడుల లోతు కొలిచి, చల్లగా ఉన్న టైరులో గాలి సరిచూసుకునే అలవాటు లేనివారికి ఎంత ఖరీదైన టైరు కొన్నా దాని ధరలో కొంత భాగం వృథాయే.