బంతి దొరలది... ఆట అనాథలది!

క్రిస్టియానో రొనాల్డో అంటే చాలు, మన పిల్లలు చొక్కా నంబరుతో సహా చెప్పేస్తారు. ఆయన 1985లో పుట్టింది అట్లాంటిక్ సముద్రంలోని మదీరా అనే పోర్చుగల్ దీవిలో. తమాషా ఏమిటంటే... అంతకు 110 ఏళ్ల ముందు, 1875లో, పోర్చుగల్ గడ్డమీద మొట్టమొదట ఫుట్‌బాల్ ఆడిందీ ఆ దీవిలోనే! కొండమీది కామాషా అనే ఊళ్లో. బంతి తెచ్చినవాడు హ్యారీ హింటన్. దీవిలో స్థిరపడ్డ ఇంగ్లిషు కుటుంబం వాళ్లది, పంచదార మిల్లు ఉంది. చదువుకోడానికి ఇంగ్లండ్ వెళ్లిన కుర్రాడు వస్తూ వస్తూ ఈ కొత్త ఆటనూ వెంటబెట్టుకొచ్చాడు.

హింటన్ మిల్లు యజమానుల బిడ్డ. రొనాల్డో తోటమాలి కొడుకు. మరి ఆ బంతి మేడమీంచి ఇంత కిందికి ఎలా దిగొచ్చింది? ఆ కథలో అసలు నాయకులు కొందరు అనాథ కుర్రాళ్లు.

రాజుగారి కప్పు

పోర్చుగల్ ప్రధాన భూభాగంలో ఆట మొదలైంది కూడా కలవారి ఇళ్లలోనే. పింటో బాస్టో సోదరులు ఇంగ్లండ్ నుంచి బంతి తెచ్చి, 1888 అక్టోబరులో కష్కాయిష్ అనే సముద్రతీర పట్నంలో స్నేహితులతో ఆడించారు. రాజకుటుంబం వేసవికి విడిది చేసే ఊరది. మర్నాటి ఏడాది జనవరిలో లిస్బన్‌లో పోర్చుగీసులకూ అక్కడి ఇంగ్లిషు వాళ్లకూ పోటీ పెడితే పోర్చుగీసులే గెలిచారు.

అంతలో పిడుగు పడింది. ఆఫ్రికాలో అంగోలా, మొజాంబిక్ అప్పట్లో పోర్చుగల్ వలసలు. ఆ రెంటి మధ్య ఉన్న నేలను కూడా కలిపేసుకోవాలని పోర్చుగల్ ఆశ. 'మీ సైన్యాన్ని వెనక్కి పిలుస్తారా లేదా' అంటూ 1890 జనవరిలో బ్రిటన్ హుకుం జారీ చేసింది. పోర్చుగల్ తలొంచక తప్పలేదు. జనం మాత్రం రగిలిపోయారు. ఇవాళ మ్యాచ్‌కు ముందు రొనాల్డో బృందం పాడే జాతీయగీతం ఆ కోపంలోంచి పుట్టిందే! ఇంగ్లిషు వాడంటేనే మండిపడే రోజుల్లో ఇంగ్లిషు వాడి ఆటను ఎవరు ముట్టుకుంటారు? బంతి కొన్నాళ్లు మూలపడింది.

1893లో పోర్టో నగరంలో ఓ ద్రాక్షసారా వ్యాపారి ఎఫ్‌సీ పోర్టో క్లబ్బు పెట్టాడు. 1894లో రాజు కార్లోస్ పేరిట కప్పు పెడితే లిస్బన్ జట్టు వచ్చి పోర్టోను ఓడించింది. రాజుగారు కుటుంబంతో సహా వచ్చి చూశారు. అంతా బాగానే ఉంది కానీ... మైదానంలో సామాన్యుడేడీ?

వాస్కోడగామా సమాధి పక్కన

లిస్బన్ శివారు బెలెంలో ఓ పెద్ద మఠం ఉంది. పేరు జెరోనిమోస్. మన కాలికట్ తీరానికొచ్చిన వాస్కోడగామా సమాధి ఉన్నది అక్కడే. ఆ మఠం ఆవరణలోనే 1833 నుంచి 'కాసా పియా' అనే అనాథాశ్రమం నడిచింది. తల్లిదండ్రులు లేని పిల్లలకు తిండిపెట్టి, చదువు చెప్పి, చేతికో పని నేర్పే చోటు. అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది.

అప్పట్లో లిస్బన్ చుట్టుపక్కల మొనగాళ్లంటే కార్కవేలోస్ జట్టే. ఆ జట్టుకూ మనకూ ఓ చుట్టరికం ఉంది. 1870లో ఇంగ్లండ్ నుంచి బొంబాయికి సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేశారు. దారిలో అది ఒడ్డుకు చేరే చోట్లలో కార్కవేలోస్ ఒకటి. ఆ తంతి కార్యాలయంలో పనిచేసే ఇంగ్లిషు ఉద్యోగులే ఈ ఆటగాళ్లు. అలాంటి జట్టును 1898లో కాసా పియా కుర్రాళ్లు మట్టికరిపించారు! దేశాన్ని తలొంచేలా చేసిన వాళ్లమీద అనాథ పిల్లలు సాధించిన గెలుపు అది.

మందుల షాపులో పుట్టిన క్లబ్బు

ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఆశ్రమం వదిలినా ఆట వదల్లేదు. 1904 ఫిబ్రవరి 28న బెలెంలోని ఓ మందుల షాపులో 24 మంది సమావేశమై 'స్పోర్ట్ లిస్బోవా' క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్లలో చాలామంది కాసా పియాలో పెరిగినవాళ్లే. పద్దెనిమిదేళ్ల కోస్మే దామియావ్ కూడా. సొంత మైదానం లేదు. స్నానం చేయడానికో గది లేదు. అయినా 1907 ఫిబ్రవరిలో కార్కవేలోస్‌ను ఓడించారు.

ఆనందం ఎంతోకాలం నిలవలేదు. 1906లో జోసే అల్వలాదే అనే యువకుడు తాతగారి డబ్బుతో 'స్పోర్టింగ్' క్లబ్బు స్థాపించాడు. మంచి మైదానం, స్నానాల గదులు... అన్నీ అక్కడున్నాయి. 1907లో స్పోర్ట్ లిస్బోవాలోని ఎనిమిదిమంది ఆటగాళ్లు అటు వెళ్లిపోయారు. అదే ఏడాది డిసెంబరు 1న రెండు జట్లూ తొలిసారి తలపడితే స్పోర్టింగ్ 2-1తో గెలిచింది.

క్లబ్బు మూతపడటమే తరువాయి అనుకున్నారంతా. కోస్మే కదల్లేదు. మిగిలినవాళ్లను కూడగట్టాడు. 1908లో పక్క పేటలోని మరో క్లబ్బుతో కలిపేశారు. అలా పుట్టిందే నేటి బెన్‌ఫికా! లిస్బన్‌లో బెన్‌ఫికా మ్యూజియానికి ఇప్పుడు కోస్మే పేరే పెట్టారు.

తొలి కెప్టెన్

1914లో లిస్బన్, పోర్టో, పోర్తలెగ్రె సంఘాలు కలిసి జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 1921 డిసెంబరు 18న మాడ్రిడ్‌లో స్పెయిన్‌తో. 3-1తో ఓడిపోయారు. ఆ రోజు జట్టును నడిపించిన కెప్టెన్ కాందిదో ది ఒలివేరా... ఆయనా కాసా పియాలో పెరిగిన అనాథే. 1928 ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్‌కు చేరిన జట్టుకు శిక్షకుడూ ఆయనే. సలజార్ నియంతృత్వంలో 1942లో అరెస్టై, కేప్ వెర్దె దీవుల్లోని తర్రాఫల్ చెరసాలలో మగ్గాడు. బయటికొచ్చాక 1945లో మిత్రులతో కలిసి 'ఎ బోలా' అనే క్రీడాపత్రిక స్థాపించాడు. ఆ పేరుకు అర్థం 'బంతి'!

ఆశ్రమం పేరుతో 1920లో పెట్టిన కాసా పియా క్లబ్బు, 83 ఏళ్ల తర్వాత 2022లో మళ్లీ దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో అడుగుపెట్టింది. ఇక ఏటా సీజన్ ఆరంభంలో లీగ్ విజేతకూ కప్పు విజేతకూ జరిగే సూపర్ కప్ ఉంది. రాజుగారి కప్పు ఒక్క మ్యాచ్‌తో చరిత్రలో కలిసిపోయింది కానీ, ఈ కప్పు కోసం మాత్రం పెద్ద క్లబ్బులన్నీ పోటీపడతాయి.

దానికి ఎవరి పేరు పెట్టారో తెలుసా? కాందిదో ది ఒలివేరా!