మూతి నల్లబడితే సియామీసేనా?

ఒంటి మీది రంగు చెప్పేది కొంతే.. వంశం చెప్పేది కాగితమే

దాజీ పేట్ (షోలాపూర్): మరమగ్గాల షెడ్డులో నూలు బస్తాల వెనక పిల్లి ఈనితే దాజీ పేట్‌లో అదేమంత విశేషం కాదు. నూలున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లి మామూలే. కానీ నాలుగు పిల్లల్లో మూడు తల్లిలాగే చారలతో ఉండి, ఒక్కటి మాత్రం మీగడ రంగులో పుట్టిందనుకోండి. రెండు మూడు వారాలు తిరిగేసరికి దాని చెవులు, మూతి, తోక మసి పూసినట్టు నల్లబడితే? వాడకట్టంతా వచ్చి చూసిపోతుంది. ‘‘గీ పిల్లకేమన్న రోగమొచ్చిందా అక్కా?’’ అని ఒకరంటారు. ‘‘రోగం గాదు, గిది సియామీస్. కొనేటోళ్లు వేలు పెడ్తరు’’ అని ఇంకొకరు ఎగదోస్తారు.

రెండు మాటలూ నిలిచేవి కావు. ఆ పిల్లకు రోగం లేదు. అలాగని రంగు చూసి సియామీస్ జాతిదని చెప్పడానికీ లేదు. ఈ తేడా తెలియకపోతే కొనేవారి డబ్బుకు నష్టం. నల్లబడిందని వీధిలో వదిలేస్తే పిల్ల ప్రాణానికే ముప్పు.

వేడికి తెలుపు.. చల్లదనానికి నలుపు

పిల్లి వెంట్రుకకు నలుపు రావాలంటే ఒంట్లో టైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయాలి. సియామీస్ తరహా పిల్లుల్లో ఈ ఎంజైము తయారీలోనే చిన్న లోపం ఉంటుంది. ఒంటి వేడి దగ్గర అది పనిచేయదు, కాస్త చల్లబడితేనే చేస్తుంది. పిల్లి ఒంటి వేడి సుమారు 38 నుంచి 39 డిగ్రీలు. అందుకే కడుపు, వీపు లేత రంగులో ఉండిపోతాయి. చల్లగా ఉండే చెవులు, మూతి, పాదాలు, తోక ముదురు రంగు తేలుతాయి. తల్లి కడుపులో అంతా వెచ్చనే కాబట్టి పుట్టేటప్పుడు పిల్ల దాదాపు తెల్లగా ఉంటుంది. బయటి గాలి తగిలాకే అసలు రంగు బయటపడుతుంది.

ఇల్జిన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు రష్యా శాస్త్రవేత్తలు సియామీస్ పిల్లుల రంగుపై వేడి, చలి ప్రభావం గురించి 1930లోనే పరిశోధన పత్రం వెలువరించారు. ఒంటి మీద బొచ్చు గొరిగి చల్లని చోట ఉంచితే, కొత్తగా వచ్చే బొచ్చు నల్లగా వస్తుందని అందులో తేలింది. ఆపరేషన్ కోసం పొట్ట దగ్గర గొరిగిన పిల్లికి అక్కడ నల్లమచ్చ లేచినా కంగారు అక్కర్లేదు. తర్వాత బొచ్చు రాలి మళ్లీ వచ్చేటప్పుడు చాలా వరకు పాత రంగే వస్తుంది.

వయసు పెరిగేకొద్దీ ఈ పిల్లుల ఒళ్లు కూడా ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే షోలాపూర్ ఎండల్లో పెరిగిన పిల్లి, చలి దేశంలో పెరిగిన దాని కన్నా లేతగా ఉండొచ్చు. అంటే రంగు కాస్త ముదిరిందనో తేలిందనో జాతిని అనుమానించడం సరికాదు.

చూడాల్సినవి మూడు

మగ్గం మీద జకార్డ్ అట్ట వేరు, దారం రంగు వేరు. ఒకే అట్టతో ఎర్ర చద్దర్ నేయొచ్చు, నీలం చద్దర్ నేయొచ్చు. పిల్లి ఒంటి మీది నేత కూడా అలాంటిదే. దాన్ని మూడు ముక్కలుగా విడదీసి చూడాలి.

మొదటిది, రంగు ఎక్కడ పడింది? చెవులు, మూతి, కాళ్లు, తోక మాత్రమే ముదురుగా ఉంటే దాన్ని ‘పాయింట్’ తరహా అంటారు. దీనికి తోడు కళ్లు నీలంగా ఉండి తీరాలి. అయితే పిల్లి కూనలన్నిటికీ మొదట్లో కళ్లు నీలమే. మామూలు పిల్లలకు నెలన్నర దాటాక అవి పసుపుకో ఆకుపచ్చకో తిరుగుతాయి. కాబట్టి నెల కూనను పట్టుకుని ‘నీలి కళ్లు చూడండి’ అని అమ్మేవారి మాట నమ్మొద్దు. మూడు నెలలు నిండినా నీలం నిలిస్తేనే లెక్క.

రెండోది, అది ఏ రంగు? నలుపుకు దగ్గరగా ఉండే గోధుమ రంగైతే సీల్ పాయింట్, బూడిద రంగైతే బ్లూ పాయింట్. ఇవి కాక చాక్లెట్, లైలాక్ ఉన్నాయి. మూతి మీద నలుపుతో పాటు నారింజ మచ్చలు కలగలిసి ఉంటే అది టార్టీ పాయింట్, దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటమే దీనికి కారణం. ఆ జన్యువు ఏదో 2025లో జపాన్, అమెరికా పరిశోధక బృందాలు వేర్వేరుగా తేల్చాయి.

మూడోది, చారలున్నాయా? తోక మీద కడియాల్లాంటి పట్టీలు, నుదుట ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం లాంటి గీత, చెవుల వెనక వేలిముద్ర వేసినట్టు లేత మచ్చ ఉంటే అది టాబీ పాయింట్. కొందరు లింక్స్ పాయింట్ అని కూడా అంటారు. చారల వీధి పిల్లి కడుపున పాయింట్ పిల్ల పుడితే ఈ తరహాకే అవకాశం ఎక్కువ. కాలివేళ్లు తెల్లగా ఉంటే మాత్రం అది వేరే జన్యువు పని, పాయింట్‌తో సంబంధం లేదు.

పడుగు తల్లిది.. పేక తండ్రిది

మరి చారల తల్లికి ఇలాంటి పిల్ల ఎలా పుట్టింది? పడుగు తల్లి నుంచి, పేక తండ్రి నుంచి వచ్చినట్టు, రంగు జన్యువు కూడా ఇద్దరి నుంచి చెరొకటి అందుతుంది. పాయింట్ తరహా బయటపడాలంటే రెండూ ఆ లోపమున్నవే కావాలి. ఒక్కటే వస్తే పిల్ల మామూలు రంగులో ఉంటుంది గానీ లోపల ఆ జన్యువును దాచుకుని ఉంటుంది. అలా దాచుకున్న రెండు పిల్లులు జతకడితే పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు పాయింట్ అయ్యే అవకాశం ఉంటుంది. తండ్రి తనే పాయింట్ పిల్లి అయితే సగానికి సగం.

అంటే మీగడ రంగు పిల్లను చూసి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పొచ్చు. తల్లి వైపు, తండ్రి వైపు ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంది. అది ముత్తాత నుంచి వచ్చిందా, ఇంకా వెనకటి తరం నుంచా అన్నది ఒంటి మీద రాసి ఉండదు. పైగా ఒకే ఈతలోని పిల్లలకు తండ్రులు వేరువేరుగా ఉండటం పిల్లుల్లో మామూలే. ‘పక్క సందులోని గండుపిల్లిదే’ అన్న తీర్పు అన్ని పిల్లలకూ చెల్లదు. ఇక బొచ్చు పొడుగ్గా ఉండి మూతి నల్లగా ఉంటే ఆ పోలిక హిమాలయన్ పిల్లిది. 1930ల్లో అమెరికాలోని హార్వర్డ్‌లో పర్షియన్, సియామీస్ పిల్లులను కలిపి చేసిన ప్రయోగాల్లో ఇలాంటి పిల్లలు పుట్టాయి.

వాంగ్ మౌ గుట్టు

పోలిక చూసి జాతి చెప్పలేమనడానికి గట్టి సాక్ష్యం వాంగ్ మౌ అనే ఆడపిల్లి. 1930లో డాక్టర్ జోసెఫ్ థాంప్సన్ బర్మా నుంచి వచ్చిన ఈ గోధుమ రంగు పిల్లిని శాన్‌ఫ్రాన్సిస్కోలో పెంచారు. చూసినవారిలో కొందరు ఇది కాస్త నల్లబడిన సియామీసే అన్నారు. ఆయన ఊరుకోలేదు. తాయ్ మౌ అనే సియామీస్ మగపిల్లితో జతకట్టించారు. కొన్ని పిల్లలు సియామీస్‌లా, కొన్ని తల్లిలా పుట్టాయి. తల్లి పోలిక పిల్లలను మళ్లీ కలిపి చూస్తే, అంతకన్నా ముదురు రంగు పిల్లలు బయటపడ్డాయి. దాంతో వాంగ్ మౌ ఒక జాతి కాదు, రెండు జాతుల కలయిక అని తేలింది. ఈ వివరాలు 1943లో పరిశోధన పత్రంగా వచ్చాయి. ఆ ముదురు పిల్లలే నేటి బర్మీస్ జాతికి మూలం. వాంగ్ మౌ లాంటి కలగలుపు పిల్లిని ఇప్పుడు టాంకినీస్ అంటున్నారు. నిపుణుడి కళ్లెదుట ఉన్న పిల్లి వంశమే తరాలు చూస్తే తప్ప తేలలేదు. ఇక సంతలో నిలబడి ఒక్క చూపుతో తేల్చేదెలా?

చద్దర్‌కు గుర్తింపు.. పిల్లికి కాగితం

ఈ సంగతి షోలాపూర్ వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. చూడటానికి అచ్చం అలాగే ఉండే చద్దర్‌ను ఎక్కడైనా నేయొచ్చు. అది షోలాపూర్ చద్దర్ కావాలంటే ఇక్కడ నేసిందై ఉండాలి. అందుకే 2005-06లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పిల్లుల్లోనూ అంతే. సియామీస్ అనేది ఒట్టి రంగు పేరు కాదు. ఒకప్పుడు సియామ్ అని పిలిచిన నేటి థాయిలాండ్ నుంచి వచ్చి, 1880ల్లో ఇంగ్లండ్ ప్రదర్శనల్లో అందరి కంట పడి, తరతరాలుగా పుస్తకాల్లో నమోదవుతున్న వంశం పేరు. ఆ నమోదు కాగితం లేని పిల్లను, అది ఎంత ముద్దుగా ఉన్నా, సియామీస్ అని అమ్మడం సరికాదు.

ఆ పుస్తకాలు రాసే సంఘాలకే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోని సీఎఫ్ఏ సియామీస్ పేరును పై నాలుగు రంగులకే పరిమితం చేసింది. చారలున్న, నారింజ కలిసిన పాయింట్లను కలర్‌పాయింట్ షార్ట్‌హెయిర్ అంటుంది. బ్రిటన్‌లోని జీసీసీఎఫ్ వాటినీ సియామీస్‌గానే లెక్కిస్తుంది. చెంప లోపల దూదిపుల్లతో తీసిన నమూనాతో పాయింట్ జన్యువు ఉందో లేదో పరీక్ష చేసే ప్రయోగశాలలు ఉన్నాయి. ఆ జన్యువులోని మార్పును 2005లోనే గుర్తించారు. అయితే ఆ పరీక్ష చెప్పేది రంగు సంగతే, జాతి ధ్రువీకరణ కాదు.

కొనాలనుకునేవారు వంశపత్రం అడగాలి. అది లేకపోతే జాతి ధర కట్టనక్కర్లేదు. ఇంట్లోనే పుట్టి ఉంటే ‘పాయింట్ రంగు వీధి పిల్లి’ అని చెప్పుకుంటే అబద్ధం ఉండదు. రెండు నెలలైనా నిండనిదే తల్లి నుంచి వేరు చేయొద్దు. పశువైద్యుడికి చూపించి టీకాలు, రేబిస్ టీకాతో సహా, వేయించాలి.

తెల్లగా ఉందని తెచ్చుకున్న పిల్ల ఆరు నెలలకు నల్లబడితే మోసపోయామని వీధిలో వదలొద్దు. ఆ నలుపు దాని పుట్టుకలోనే ఉంది, చల్లగాలికి బయటపడిందంతే. రేపు నూలు బస్తాల వెనక ఎలుకను పట్టాల్సి వస్తే, దాని ముత్తాత ఏ దేశానిదో ఆ ఎలుక అడగదు.