మీకు తెలుసా? మలుపులో 45 డిగ్రీలు వాలే ఇంజన్ ఆయిల్

రేస్ ట్రాక్‌పై పరుగెత్తే కారు మలుపులో 1 జీ, అంటే గురుత్వాకర్షణకు సమానమైన పక్క బలానికి లోనైనంతసేపు, సంప్ అని పిలిచే అడుగు తొట్టిలోని ఆయిల్ ఉపరితలం దాదాపు 45 డిగ్రీలు వాలి ఉంటుంది. మలుపు దీర్ఘమైనదైతే ఆయిల్ ఒక గోడవైపు చేరి, పంపు పీల్చుకునే గొట్టం మూతి ఆయిల్‌లోంచి బయటపడవచ్చు. అప్పుడు పంపులోకి గాలి చొరబడి పీడనం పడిపోవడంతో, క్రాంక్‌షాఫ్ట్‌ను బేరింగులకు ఒరుసుకోకుండా నిలిపే పలుచని ఆయిల్ పొర తెగిపోతుంది. బేరింగు చెడడానికి కొద్ది సెకన్లు చాలు.

సంప్‌లో అమర్చే బాఫిల్ అనే అడ్డుపలకలు ఈ పారుదలను కొంతవరకే ఆపగలవు కనుక, 2006 నమూనా షెవర్లే కార్వెట్ జెడ్06 వంటి కార్లలో ఆయిల్‌ను వేరే ట్యాంకులో నిల్వచేసే డ్రై సంప్ పద్ధతిని వాడారు.

పీడనాన్ని తగ్గించేది మలుపులు మాత్రమే కాదు, వేడి కూడా. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కదనం తగ్గి పీడనం కూడా దిగుతుంది కాబట్టి, ఆయిల్ ఉష్ణోగ్రతను, పీడనాన్ని చూపే రెండు మీటర్లలో ఒకదాన్ని వదిలి రెండోదాన్ని మాత్రమే చూడడం తప్పుదారి పట్టిస్తుంది. చల్లని ఇంజన్ చూపే అధిక పీడనం నిజానికి ఆయిల్ ఇంకా చిక్కగా ఉందనే చెబుతుంది. ట్రాక్‌పై సాధారణంగా 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ ఆయిల్ ఉష్ణోగ్రత అనుకూలమని భావిస్తారు. ఆయిల్ కూలర్ మితిమీరి చల్లబరిస్తే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరికావు. అందుకే వేడెక్కేవరకు కూలర్‌కు దారి మూసి ఉంచే థర్మోస్టాట్‌ను జతచేస్తారు.