కృష్ణలో మట్టి ఎక్కడికి పోతోంది?

మీ అట్లాసులో యూరప్ పటం తీసి డాన్యూబ్ నదిని వెతకండి. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో పుట్టి, సుమారు 2,850 కిలోమీటర్లు ప్రవహించి, నల్లసముద్రంలో కలుస్తుంది. పది దేశాల నేలను తాకుతుంది. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్ అనే నాలుగు రాజధానులు దాని ఒడ్డునే ఉన్నాయి. ఆ నది మీద పడవలో పోతూ చూడవలసిన కోటల గురించి, పాత పట్టణాల గురించి, పక్షుల గురించి బోలెడు పుస్తకాలు వచ్చాయి.

మన కృష్ణ పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. డాన్యూబ్‌లో సగం. అయితేనేం? మాచర్ల నుంచి రేపల్లె దాకా ఒడ్డు వెంబడి నడిస్తే పాత రాజధానులూ, మునిగిన నగరమూ, కొండ కనుమలూ, పక్షులుండే డెల్టా అన్నీ కనిపిస్తాయి. నడిచి చూసేవాళ్లే తక్కువ!

బయలుదేరే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నది తెచ్చేది నీరు ఒక్కటే కాదు. మట్టిని కూడా మోసుకొస్తుంది. ఈ ప్రయాణంలో మనం నీటికంటే మట్టి మీదే ఎక్కువగా కన్నేసి ఉంచుదాం.

వానాకాలంలో దినపత్రికల్లో వచ్చే అంకెలు మీరు చదివే ఉంటారు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ 590, పులిచింతల 175. ఇవి నీటి లోతులు కావు, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తులు. విజయవాడ బ్యారేజీ దగ్గర మాత్రం 12 అడుగులని రాస్తారు. అది అక్కడ నిలిచే నీటి లోతు. సముద్రం నుంచి కొలిస్తే అదీ 57 అడుగులే. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం కొండలు 4,000 అడుగుల పైచిలుకు ఎత్తు. అంత ఎత్తునుంచి దిగి వచ్చిన నది విజయవాడ దగ్గరకు చేరేసరికి మిగిలిన వాలు 57 అడుగులు, పోవలసిన దూరం సుమారు 80 కిలోమీటర్లు. అంటే ప్రతి కిలోమీటరుకూ ఒక జానెడు మాత్రమే దిగుతుందన్నమాట. వాలు తగ్గితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే మోసే శక్తి తగ్గుతుంది. నెత్తిమీది బరువును నది ఇక్కడ దించుకుంటుంది. డెల్టా పుట్టేది అలాగే.

ఇక సాగర్ దగ్గర మొదలుపెడదాం. అక్కడి జలాశయం అడుగున ఒక నగరం ఉంది. దాని పేరు విజయపురి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజుల రాజధాని. మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ కాపలా కాసిన లోయ అది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు అక్కడ ఒక పాతకాలపు స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. (మా ఉపాధ్యాయ వర్గానికి ఇది కాస్త గర్వకారణం. చెప్పకుండా ఉండలేను!) 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి, పురావస్తు శాఖ వారు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను విప్పి తెచ్చి, కొండమీదా, అనుపు దగ్గరా మళ్లీ కట్టారు. నీరు నిండాక ఆ కొండ దీవి అయింది. ఇప్పుడు మనం లాంచీలో వెళ్లి చూసే నాగార్జునకొండ అదే.

డాన్యూబ్ మీద కూడా అచ్చం ఇలాగే జరిగింది. సెర్బియా, రుమేనియా దేశాల మధ్య ఐరన్ గేట్స్ అనే ఇరుకైన కనుమ ఉంది. అక్కడ కట్టిన ఆనకట్ట 1972లో పూర్తయింది. దాని నీటిలో మునగబోయే ఒడ్డున లెపెన్స్కీ వీర్ అనే చోట, వేల ఏళ్లనాటి జాలరుల పల్లె ఒకటి తవ్వకాల్లో బయటపడింది. వాళ్లు గుండ్రాళ్ల మీద చేప మూతులున్న మనిషి ముఖాలు చెక్కారు. ఆ పల్లెను కూడా దాదాపు 30 మీటర్లు పైకి తెచ్చి పెట్టారు.

నాగార్జునకొండలో రోమను బంగారు నాణేలు దొరికాయి. ఆ రోజుల్లో రోమను సామ్రాజ్యానికి ఉత్తరపు సరిహద్దు డాన్యూబ్ నదే! దాని ఒడ్డున కాపలా కాసే సిపాయిల జీతం డబ్బు మీద ఉన్న చక్రవర్తుల బొమ్మే, ఇక్కడ కృష్ణ ఒడ్డున సరుకు అమ్మిన వర్తకుల చేతికీ వచ్చిందన్నమాట.

సాగర్ నుంచి కిందికి వస్తే నేల రంగు మారుతుంది. పలనాడంతా పలకలు పలకలుగా పేర్చిన సున్నపురాయి. మీ ఇంట్లో పరిచిన నాపరాళ్లు చాలావరకు ఇదే జాతివి. భూమి మీద చెట్టూ చేమా ఇంకా పుట్టని కాలంలో, ఒక సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి ఇది. మాచర్ల దగ్గర చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుంచి ఎత్తిపోతలగా దూకేచోట ఆ ప్రాంతపు రాతిపొరలను చూడవచ్చు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకూ ఆధారం ఈ రాయే.

అమరావతి స్తూపాన్ని చెక్కింది కూడా పలనాటి సున్నపురాతి మీదనే. అంత బరువైన పలకలను తేవడానికి నదిని మించిన బాట ఏముంటుంది? పక్కనే ఉన్న ధరణికోట తవ్వకాల్లో పడవల రేవు ఆనవాళ్లు బయటపడ్డాయి. అయితే ఆ రాయికి ఒక చిక్కుంది. అది కాల్షియం కార్బొనేట్. కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి, సున్నం మిగులుతుంది. 18వ శతాబ్దం చివర కాలిన్ మెకంజీ అనే సర్వేయరు వచ్చి చూసేసరికే ఊరి కట్టడాలకోసం పలకలు తరలిపోతున్నాయి. చాలా శిల్పాలు బట్టీల్లో సున్నమైపోయాయి. మిగిలిన వాటిలో కొన్ని అమరావతి మ్యూజియంలో, కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. బుద్ధుని జీవితాన్ని చెక్కిన రాయి గోడకు పూసే సున్నమైందంటే ఎవరికి బాధ కలగదు?

1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీరు పాత గుంటూరు జిల్లాను దాటి ప్రకాశం జిల్లాలోకి పోతుంది. ఒంగోలు పట్టణం తాగే నీటికీ ఈ కాలువే ఆధారం. ఈ మెట్ట ప్రాంతంలో ఎక్కువ భాగం నల్లరేగడి. రేగడిలో ఉన్న బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే వేసవిలో చెయ్యి పట్టేంత పగుళ్లు. పైమట్టి ఆ పగుళ్లలోకి రాలిపోయి, కిందిది మళ్లీ పైకి వస్తుంది. రేగడి తన్ను తానే దున్నుకుంటుందని రైతులు అనేది ఇందుకే. పట్టిన తడిని అంత తొందరగా వదలదు కాబట్టి పత్తికి బాగా నప్పింది. నీటి వసతి కలిసినచోట మిరపకూ నప్పింది.

మిరప మాటెత్తాక మరోసారి డాన్యూబ్ వైపు పోక తప్పదు. మిరప మన దేశపు మొక్క కాదు, యూరప్‌దీ కాదు. అమెరికా ఖండాల నుంచి 500 ఏళ్ల కిందట ఓడలెక్కి బయలుదేరింది. మన దేశానికి పోర్చుగీసు వాళ్లు తెచ్చారు. హంగరీకి తురుష్కుల ద్వారా చేరింది. అంటే అమరావతి శిల్పులు మిరపకాయ రుచి ఎరగరు! వారికి కారమంటే మిరియాలే. హంగరీలో డాన్యూబ్‌కు దగ్గర్లో కలోచా అనే ఊరుంది. గుంటూరు ఎలాగో, ఆ దేశానికి కలోచా అలాగ. మన కల్లాల్లో మిరపకాయలు నేలంతా ఎర్రగా పరుచుకుని ఎండితే, అక్కడ దండలు గుచ్చి గోడలకు వేలాడదీస్తారు. వాళ్లకు కారంకన్నా రంగు ముఖ్యం.

డాన్యూబ్ ఉపనది తీసా ఒడ్డున ఉన్న సెగెడ్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్ జార్జీ అనే శాస్త్రజ్ఞుడు పనిచేసేవాడు. విటమిన్ సి ని కావలసినంత తీయడానికి పదార్థం దొరక్క అవస్థ పడుతున్నాడు. ఒక రాత్రి భోజనంలో భార్య పచ్చి మిరపజాతి కాయలు పెట్టింది. ఆయనకు తినాలనిపించలేదు. తినకుండా ప్రయోగశాలకు పట్టుకుపోయాడు. అందులో విటమిన్ సి పుష్కలంగా ఉంది! 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక్క జాగ్రత్త: ఇది పచ్చికాయ సంగతి. కల్లంలో ఎండేటప్పుడు ఆ విటమిన్ చాలావరకు నశిస్తుంది.

ఇక విజయవాడ. ఇటు సీతానగరం కొండ, అటు ఇంద్రకీలాద్రి. వెడల్పుగా పారే కృష్ణ ఈ రెంటి మధ్య ఒదిగి పోవాలి. అడ్డుకట్టకు ఇంతకంటే మంచిచోటు దొరకదు. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలోని ఐదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా చనిపోయారని ఆనాటి లెక్కలు. కృష్ణ నిండుగా పోతున్నా, పక్కనే జనం ఆకలితో చచ్చారు! ఆర్థర్ కాటన్ సూచనల ప్రకారం కెప్టెన్ ఓర్ 1852లో పని మొదలుపెట్టి 1855కు ఆనకట్ట ముగించాడు. దాదాపు వందేళ్లు పనిచేసి అది 1952లో తెగింది. (అదీ నందన సంవత్సరమే! 60 ఏళ్లకొకసారి పేరు తిరిగి వస్తుంది, అంతే. ఇంకేమీ ఊహించకండి.) తర్వాత కట్టినదే 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ, 1957లో పూర్తయింది. దీని కాలువల్లో ఒకప్పుడు పడవలు తిరిగేవి. కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం చేరి, అక్కడ బకింగ్‌హాం కాలువలోకి దిగి, మద్రాసు దాకా సరుకులు పోయేవి.

బ్యారేజీ దాటితే డెల్టా. తెనాలి, రేపల్లె వైపు పొలాల్లో కూడా నల్లమట్టే కనిపిస్తుంది. కానీ ఇది మెట్ట రేగడికి సొంత తోబుట్టువు కాదు. మెట్ట రేగడి చాలావరకు ఉన్నచోటనే రాయి చివికి తయారైంది. డెల్టా మట్టి నది తెచ్చిన ఒండ్రు. మహారాష్ట్రలో సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొరలు పొరలుగా పొంగి గడ్డకట్టింది. ఆ నల్లరాయి చివికి మట్టై, కృష్ణ వెంట వచ్చి మన పొలాల్లో మేట వేసింది. రేపల్లె రైతు కాలికంటిన బురదలో కొంత ఒకప్పుడు నిప్పులా కాలిన లావా అన్నమాట!

ఇప్పుడు మీరో ప్రయోగం చేయండి. రెండు గాజుసీసాలు తీసుకుని, చెరి గుప్పెడు నల్లమట్టి వేసి, నీళ్లు నింపండి. ఒకదానిలో మాత్రం రెండు చెంచాల ఉప్పు వేయండి. రెండింటినీ బాగా కుదిపి, కదల్చకుండా పక్కన పెట్టండి. ఇసుక వెంటనే అడుగుకు పోతుంది. ఉప్పులేని సీసా మరునాటికీ మురికిగానే ఉంటుంది. ఉప్పు వేసినది ఎంతో ముందే తేటపడుతుంది. ఎందువల్ల? బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పులోని సోడియం అయాన్లకు ధనావేశం. అవి చుట్టూ చేరి ఆ నెట్టుడును అణచేస్తాయి. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి దిగిపోతాయి. కృష్ణ నీరు హంసలదీవి దగ్గర ఉప్పునీటిలో కలిసేచోట జరిగేది ఇదే. నది వేగమూ తగ్గి, ఉప్పూ తగిలి, మట్టి అక్కడే దిగబడుతుంది. వేల ఏళ్లుగా దివిసీమా, రేపల్లె తీరమూ సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది ఇందువల్లనే.

మరి నిలిచిన నీటిలో మట్టి దిగిపోయే మాట నిజమైతే, జలాశయాల్లో ఏం జరగాలి? అక్కడా అదే జరుగుతుంది. కృష్ణ మీదా, దాని ఉపనదుల మీదా కట్టిన ప్రతి జలాశయమూ ఒక పెద్ద సీసా. ఆల్మట్టి, శ్రీశైలం, సాగర్ ఇలా ఒక్కొక్క దానిలో మట్టి దిగిపోయి, కిందికి తేటనీరు వస్తుంది. ఆ తేటనీరు కూడా చాలావరకు పొలాలకే పోతుంది. సముద్రానికి చేరే నీరు తగ్గింది, మేట ఇంకా తగ్గింది. డెల్టా మట్టి తన బరువుకు తానే కొంచెం కొంచెంగా అణుగుతూ ఉంటుంది. ఏటా కొత్త మేట పడితేనే ఆ లోటు తీరుతుంది. అలలు మాత్రం తమ పని ఆపవు. వేర్వేరు ఏళ్లలో తీసిన ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూస్తే, ఒకప్పుడు ముందుకు పెరిగిన కృష్ణా డెల్టా తీరం చాలాచోట్ల వెనక్కి తగ్గుతున్నట్టు తెలిసింది. డాన్యూబ్ డెల్టాకూ ఇదే గతి. ఐరన్ గేట్స్ వంటి ఆనకట్టలు కట్టాక అక్కడికి చేరే మట్టి సగానికి పైగా తగ్గిపోయింది.

ఆనకట్టలు కట్టకూడదని నేననను. నందన కరువు సంగతి ఇప్పుడేగా చెప్పుకున్నాం. సాగర్ నీళ్లు రాకముందు పలనాటి మెట్టపొలాలు ఎలా ఉండేవో మీ తాతలను అడగండి. అయితే పలనాటికి నీరిచ్చిన లెక్కలోనే, రేపల్లె తీరానికి తగ్గిన మట్టి కూడా రాసుకోవాలి. మనం ఇన్నాళ్లూ మొదటి పద్దే రాసుకున్నాం.

ప్రస్తుతానికి అక్కడ కాపలా కాస్తున్నవి మడ అడవులు. నది నోటి దగ్గర ఉప్పు బురదలో పెరిగే ఈ చెట్ల వేళ్లు మెష్ కట్టినట్టు అల్లుకుని, వచ్చిన కొద్ది మట్టినీ జారిపోకుండా పట్టి ఉంచుతాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు 10,000 మందిని బలిగొన్నాక, వీటి విలువ ఎక్కువమందికి తెలిసింది. బావురు పిల్లి నివాసం ఈ అడవే. అది నీళ్లలోకి దిగి చేపల్ని పట్టే పిల్లి. మనుషుల అలికిడి వింటే తప్పుకుంటుంది కాబట్టి, మీరు వెళ్తే బురదలో దాని అడుగుల జాడ కనిపించినా అదృష్టమే.

ఈసారి వానలు పడగానే ఇంకొక పని చేయండి. మీ ఊరి వాగు పొంగినప్పుడు ఒక సీసా నీరు పట్టండి. అదే వారంలో సాగర్ కాలువ నుంచో, డెల్టా కాలువ నుంచో మరో సీసా పట్టండి. ఒడ్డు జారుతుంది కాబట్టి పెద్దవాళ్లను వెంటబెట్టుకు వెళ్లండి. రెండు సీసాలకూ చీటీలు అంటించి, మూడు రోజులు కదల్చకుండా ఉంచి, అడుగున చేరిన మట్టి మందాన్ని స్కేలుతో కొలిచి రాసుకోండి.