ఇండక్షన్ పొయ్యిపై సన్నని సెగ

దివిసీమ పల్లెలలో పాలు కాచుట పూర్వము పొయ్యి పని కాదు, దాలి పని. పెరటిలో గుంట త్రవ్వి, పిడకలు పేర్చి, నిప్పు రగిల్చి, పైన ఊక కప్పి పాలకుండ నుంచెడివారు. ఉదయము పెట్టిన పాలు సాయంకాలమునకు ఎఱ్ఱని మీగడ కట్టెడివి. మంట కంటికి కనబడదు. సెగ మాత్రము క్షణమైనను తెగదు.

నేడు అవనిగడ్డ వంటిండ్లకును ఇండక్షన్ పొయ్యి వచ్చినది. "సెగ 200 వాట్లకు తగ్గించితిమి గదా, పాలు ఏల అడుగంటినవి?" అని గృహిణి అడిగినచో అది న్యాయమైన ప్రశ్న.

ఈ పొయ్యిలో మంట లేదు. గాజుపలక క్రింద రాగితీగ చుట్ట కలదు. ఇంటికి వచ్చు కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గలది. పొయ్యి దానిని 20,000కు పైబడిన ఆవృత్తులుగా మార్చి చుట్టలో ప్రవహింపజేయును. అందుండి పుట్టిన అయస్కాంత క్షేత్రము గిన్నె అడుగున సుడి ప్రవాహములను కల్పించి, ఆ లోహమునే వేడెక్కించును. అయస్కాంతము అంటని రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలు సామాన్యముగా దీనికి పనికిరావు. చేపల పులుసు కాచు మట్టిదాకకు అసలే చోటు లేదు.

ఇక సన్నని సెగ సంగతి. తక్కువ వెల పొయ్యిలలో పెక్కింటి యంత్రాంగము ఒక హద్దుకు దిగువ నిలకడగా పనిచేయలేదు. ఆ హద్దు 1,000 వాట్లనుకొందము. మీరు 200 కోరినచో, అది పది సెకనులలో రెండు సెకనులు 1,000 వాట్లతో పనిచేసి, ఎనిమిది సెకనులు ఊరకుండును. సగటు సరియే. కరెంటు బిల్లుకు సగటు చాలును గాని పాలకు చాలదు! ఆ రెండు సెకనులలో పలుచని గిన్నె అడుగు చుఱ్ఱుమనును. అచటికి దిగిన పాలలోని మాంసకృత్తులు అంటుకొని మాడును. వేడిని కొలుచు పరికరము గాజు క్రింద నుండుటచే పాలవేడి దానికి నేరుగా తెలియదు.

కొనుటకు ముందు అంగడిలోనే నీరు మరగించి, సెగ కనిష్ఠమునకు తగ్గించి చూడుడు. బుడగలు లేచి, అణగి, మరల లేచుచుండినచో లోపల జరుగునది ఇదియే. ఖరీదైన కొన్ని పొయ్యిలు తక్కువ సెగను ఎడతెగక ఈయగలవు.

ఇంట ఉన్న పొయ్యికి దళసరి అడుగు గల పాత్ర వాడుడు. స్టీలు పొరల నడుమ అల్యూమినియము ఇమిడ్చినదైన మరియు మేలు. అది వేడిని దాచుకొని ఖాళీ సెకనులలో మెల్లగా పంచును. లేదా, పాలను కలియబెట్టుచు ఒక పొంగు రానిచ్చి, ఆపైన ఆ గిన్నెను నీరు పోసిన వెడల్పు పాత్రలో నిలుపుడు. నీరు 100 డిగ్రీలు దాటదు గనుక పాలు మాడవు. నీరు ఇగిరిపోకుండ చూచుచుండవలెను. దాలిపాల ఎఱ్ఱదనమునకు మాత్రము గంటలు పట్టును. అంతసేపు కరెంటు కాల్చుట నాకు గిట్టుబాటుగా తోచదు.