మనసుకు ఏ నెల బరువు?

ఏప్రిల్ సగం దాటిందంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో మాటలు తగ్గిపోతాయి. ఫలితాలు ఎప్పుడన్న ఒక్క ప్రశ్న చుట్టూనే ఇల్లంతా తిరుగుతుంది. 2019లో తెలంగాణలో ఆ ఎదురుచూపు పెను విషాదంగా ముగిసింది. ఫలితాల్లో తప్పులు దొర్లాయని గగ్గోలు పుట్టింది. ఆ రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని వార్తలొచ్చాయి. ఫెయిలైన వాళ్లందరి జవాబు పత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలించమని ప్రభుత్వం ఆదేశించింది. చూస్తే, అందులో వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అదే ఏడాది రైతులు, వ్యవసాయ కూలీలు కలిపి 11,290 మంది. చదువుకునే పిల్లల సంఖ్య సేద్యం చేసేవాళ్ల సంఖ్యను మించిపోయిందంటే, ఇది ఏ ఒక్క ఇంటి దురదృష్టమో కాదు.

ఉగాదినాడు పంచాంగం విని, ఈ ఏడు ఆదాయమెంత, వ్యయమెంత అని చూసుకునే అలవాటు మనది. వాన ఎప్పుడో, ముహూర్తం ఎప్పుడో ముందే తెలుసుకోవాలనుకుంటాం. మనసును మాత్రం అది కుంగిపోయాకే పట్టించుకుంటాం. నిజానికి ఎవరికి ఏ నెల బరువుగా గడుస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. విద్యార్థికి ఏప్రిల్, మెట్టరైతుకు ఆగస్టు, టొరంటోలో ఉద్యోగం చేసుకునే అమ్మాయికి డిసెంబరు. ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి ఆ తిథి వచ్చే వారం. ఆ నెల రాకముందే చేయగలిగిన పని చాలా ఉంది.

ఫలితాల సంగతే తీసుకుంటే, తల్లిదండ్రులు మాట్లాడాల్సింది ఫలితం వచ్చిన రోజున కాదు, నెల ముందు. పరీక్ష తప్పితే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉందని, అందులో పాసైతే ఏడాది పోదని పిల్లలకు తెలుసు. కానీ ఆ మాట నాన్న నోట వినలేదు. పక్కింటి పిల్లాడి మార్కులు, కాలేజీకి కట్టిన ఫీజు మాత్రం చాలాసార్లు విన్నారు. ఫలితాల వారంలో పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు. బిడ్డ తిండి మానేసినా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, 'నేను లేకపోతే మీకు హాయి' అన్నట్టు మాట్లాడినా, సూటిగా అడగాలి: 'చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?' అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు తేల్చాయి. అడిగినప్పుడే చాలామందికి గుండెలో ఉన్నది బయటపెట్టే వీలు దొరుకుతుంది.

ఇక మే నెల ఎండలు. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కొంచెం దిగాలి. రేకుల ఇంట్లో, కరెంటు పోయిన రాత్రి అది జరగదు. నాలుగు రోజులు సరిగా నిద్ర లేకపోతే ఎవరికైనా చిరాకు పెరుగుతుంది, చిన్న మాట పెద్ద గొడవవుతుంది. మానసిక వ్యాధికి మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మనసు అతి ఉత్సాహానికీ కుంగుబాటుకూ మధ్య ఊగే బైపోలార్ సమస్యకు ఇచ్చే లిథియం, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మోతాదు మించిపోయి ప్రమాదకరం కావచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఉప్పు ఒక్కసారిగా మానేయడం, మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఉండటం డాక్టరును అడగకుండా చేయకూడదు. కొన్ని ఇతర మందులు చెమటను తగ్గిస్తాయి, వడదెబ్బ ముప్పును పెంచుతాయి. అలాగని సొంతంగా మందు ఆపేయడం ఇంకా పెద్ద ప్రమాదం.

వేడికి, మనసుకు ఉన్న సంబంధం ఒంటితోనే ఆగదు. తమ్మా కార్లెటన్ అనే ఆర్థికవేత్త 1967 నుంచి 2013 దాకా భారతదేశపు ఆత్మహత్యల లెక్కలను వాతావరణ వివరాలతో కలిపి చూసి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటిన రోజున ఒక్క డిగ్రీ పెరిగినా దేశంలో సగటున సుమారు 70 ఆత్మహత్యలు పెరుగుతున్నాయి. అయితే ఇది పంట ఎదిగే కాలంలో మాత్రమే. పొలం ఖాళీగా ఉన్న నెలల్లో అంతే ఎండ కాసినా ఆ పెరుగుదల కనిపించలేదు. పంట కాలంలో వాన బాగా పడితే ఆత్మహత్యలు తగ్గాయి కూడా. మనిషిని కుంగదీసింది ఎండ ఒక్కటే కాదు, ఎండిన పైరు, దాని వెనకాల ఉన్న అప్పు.

అందుకే మానసిక ఆరోగ్యమంటే ధ్యానం, ప్రాణాయామం మాత్రమే అన్న మాట సగమే నిజం. విత్తనాల షాపులో బాకీ పడ్డ రైతుకు 'ప్రశాంతంగా ఉండండి' అని చెప్పడం అన్యాయం. ఇండోనేసియాలో పేద కుటుంబాలకు నేరుగా నగదు ఇచ్చిన పథకం వల్ల అక్కడ ఆత్మహత్యలు సుమారు 18 శాతం తగ్గాయని ఒక అధ్యయనం చూపించింది. పంటల బీమా సొమ్ము వేళకు చేతికందడం, కౌలు రైతుకు బ్యాంకు అప్పు దొరకడం కూడా మనసుకు వైద్యమే.

చలికాలం మనకు హాయి. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు అదే గడ్డుకాలం కావచ్చు. డిసెంబరు చివర్లో కూడా హైదరాబాద్‌లో పగలు 11 గంటల పైచిలుకు ఉంటుంది. టొరంటోలో 9 గంటలకు కొంచెం తక్కువ, లండన్‌లో 8 గంటల లోపే. ఏటా ఈ కాలంలోనే కుంగుబాటు, అతినిద్ర, తీపి మీద యావ వచ్చి వసంతంలో తగ్గిపోవడాన్ని 1984లో మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం ఒక సమస్యగా వర్ణించింది. ఆయన స్వయంగా ఎండ బాగా కాసే జోహానెస్‌బర్గ్ నుంచి అమెరికాకు వలస వెళ్లినవారు. ఉదయం పూట 10,000 లక్స్ కాంతినిచ్చే దీపం ముందు అరగంట కూర్చోవడం దీనికి బాగా పరీక్షించిన చికిత్స. బైపోలార్ ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే వాడాలి. అక్కడి పిల్లలు రాత్రి ఫోన్ చేసి 'ఏం లేదమ్మా, ఊరికే దిగులుగా ఉంది' అంటే, ఇక్కడి అమ్మానాన్నలు దాన్ని బెంగ అని కొట్టిపారేయకుండా అది ఏ నెలో చూడటం మంచిది.

పండుగలకూ తమ బరువు ఉంది. శివరాత్రి జాగారం చాలామందికి భక్తి, ఆనందం. బైపోలార్ ఉన్నవారికి ఒక్క రాత్రి నిద్ర పోగొట్టుకోవడం కూడా మేనియా అనే అతి ఉత్సాహపు దశకు దారితీయవచ్చు. వాళ్లు పూజ చేసుకుని వేళకు పడుకుంటే శివుడికి లోటేమీ ఉండదని ఇంట్లో పెద్దవాళ్లే ధైర్యం చెప్పాలి. సంక్రాంతికి వచ్చిన పిల్లలు కనుమ దాటగానే వెళ్లిపోతే, ఇంట్లో మిగిలిన ముసలివాళ్లకు ఆ తర్వాతి వారం కష్టంగా గడుస్తుంది.

మరి బరువైన నెలలో ఏం చేయాలి? దీనికి గోవాలో దొరికిన జవాబు ఆశ కలిగిస్తుంది. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, మానసిక వైద్యంలో ఏ పట్టా లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించింది. మూడు నెలల తర్వాత చూస్తే అలా సాయం అందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. ఆ మాటల్లోని కీలకం చాలా మామూలుది. మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, మనసు బాగాలేకపోయినా ఒకప్పుడు ఇష్టమైన చిన్న పనిని వేళ పెట్టుకుని చేయడం. మొక్కలకు నీళ్లు పోయడం, స్నేహితురాలి ఇంటికి వెళ్లడం, సాయంత్రం గుడిదాకా నడవడం. దిగులున్నవాళ్లు ముందు మానేసేవి ఇవే. అవి మానేసిన కొద్దీ దిగులు ఇంకా పెరుగుతుంది.

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది బద్ధకం కాదు, చూపించుకోవాల్సిన సమస్య. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదని కూడా ఆ సర్వేలో తేలింది. డబ్బు భయం ఉన్నవారు హైదరాబాద్ ఎర్రగడ్డలోనో, విశాఖలోనో ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలకు వెళ్లవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ కవరేజీ ఇవ్వాలి.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు 14416. ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లల ఫోన్‌లోనూ పెట్టండి.